సర్కారు బడిలో చిన్నపిల్లలకు చెట్టూ చేమల మధ్య చదువు: ఏ పద్ధతి ఎవరికి సరిపోతుంది

చుట్టుపక్కల సర్కారు బడుల టీచర్లందరం కలిసే కాంప్లెక్స్ మీటింగ్ జరిగిన ప్రతిసారీ ఎవరో ఒకరు పక్కకు పిలిచి అడుగుతున్నారు, "మీరు పిల్లల్ని చెరువు కట్ట మీదికి తీసుకెళ్తారంట కదా, మా బడిలో కూడా ఏదో ఒకటి మొదలుపెట్టాలని ఉంది, తోట వేద్దామా, టూర్ పెడదామా, రోజూ చెట్టు కింద కూర్చోబెడితే సరిపోతుందా" అని. నిలబడి రెండు నిమిషాల్లో చెప్పే సంగతి కాదు కాబట్టి ఇక్కడ కూర్చుని రాస్తున్నాను. నేను ప్రైమరీ స్కూల్లో ఒకటి, రెండు తరగతులకు చెప్తాను. మాది తెలంగాణలో మామూలు పల్లెటూరి బడి, రెండు గదులు, ఒక వరండా, సగం దాకా వచ్చి ఆగిపోయిన ప్రహరీ, లోపల ఒక వేపచెట్టు, గేటు పక్కన రెండు కానుగ చెట్లు. ఇన్నేళ్లలో కింద చెప్పే పద్ధతుల్లో ఒక్కటి తప్ప అన్నీ చేసి చూశాం.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను, తర్వాత మీ ఇష్టం. 5 నుంచి 8 ఏళ్ల పిల్లలకు ఒకే చోటికి, అదీ నడిచి వెళ్లగలిగే చోటికి, వారం వారం వెళ్లడం వల్ల జరిగేంత మేలు ఇంకే పద్ధతిలోనూ నాకు కనిపించలేదు. అయితే అందరికీ అది కుదరదు. కుదరనివాళ్లు ఏం చేయాలో కూడా రాస్తాను.

అసలు బయటికి ఎందుకు అనే దాని మీద ఎక్కువ సేపు ఆగను. హెచ్ఎంకో, తల్లిదండ్రులకో చెప్పాల్సి వస్తే పనికొచ్చే సంగతులు రెండే చెప్తాను. చైనాలో గ్వాంగ్జౌ నగరంలో 12 ప్రైమరీ బడుల ఒకటో తరగతి పిల్లలను మూడేళ్లు గమనించారు. సగం బడుల్లో రోజూ అదనంగా 40 నిమిషాలు ఆరుబయట ఉంచారు, మిగతా సగం బడుల్ని ఎప్పటిలాగే నడిపారు. మూడేళ్లకు బయట తిరిగిన పిల్లల్లో 30.4 శాతం మందికి దూరపు చూపు మందగిస్తే, మిగతావాళ్లలో 39.5 శాతం మందికి మందగించింది. ఆ ఫలితాలు 2015లో వచ్చాయి. ఇప్పుడు ఇంటికెళ్తే చేతిలో ఫోన్ పెట్టుకుని కూర్చునే పిల్లల తల్లిదండ్రులకు ఈ ఒక్క మాట గట్టిగా తగులుతుంది. రెండోది, అమెరికాలో మూడో తరగతి పిల్లలకు పది వారాల పాటు ఒకసారి లోపల, ఒకసారి బయట పచ్చదనంలో పాఠం చెప్పి, ఆ తర్వాతి పీరియడ్‌లో వాళ్ల ధ్యాస ఎలా ఉందో చూశారు. బయట పాఠం విని వచ్చిన రోజు టీచర్ మధ్యలో ఆగి "ఇటు చూడు, సరిగ్గా కూర్చో" అని చెప్పాల్సిన అవసరం దాదాపు సగానికి తగ్గింది. అది 2018 నాటి మాట. మన దగ్గర కూడా 2022లో వచ్చిన పునాది దశ పాఠ్యప్రణాళిక చట్రం 3 నుంచి 8 ఏళ్ల పిల్లలకు ఆటలతో, చుట్టూ ఉన్నవాటిని పట్టుకుని చూసే అనుభవంతో నేర్పమనే చెప్తోంది. కాబట్టి ఎవరైనా అడిగితే తడబడాల్సిన పని లేదు, మనం చేస్తున్నది మన సిలబస్ చెప్పిన పనే.

ఇక పద్ధతులు.

చెట్టు కింద క్లాసు

అన్నిటికంటే తేలిక ఇదే. ఖర్చు లేదు, పర్మిషన్ అక్కర్లేదు, ఒక్క టీచర్ ఉన్నా నడుస్తుంది. రవీంద్రనాథ్ ఠాగూర్ 1901లో శాంతినికేతన్‌లో బడి మొదలుపెట్టినప్పటి నుంచి అక్కడ చెట్ల కిందే క్లాసులు నడుస్తున్నాయి, మన ఊళ్లలో వీధిబడులు అంతకుముందు నుంచే అరుగుల మీద, చెట్ల కింద నడిచాయి. అందుకే దీన్ని చాలామంది చేస్తారు, కానీ చాలామంది చేసేది బోర్డును చెట్టుకు ఆనించి లోపల చెప్పే పాఠాన్నే బయట చెప్పడం. పిల్లలు చెట్టు కింద ఉన్నారే గానీ వాళ్ల చూపు బోర్డు మీదే ఉండాలని మనం అరుస్తుంటాం, పైన ఉడుత పరిగెడితే అటు చూసినందుకు తిడతాం. అలాగైతే లోపల ఫ్యాన్ కింద కూర్చోబెట్టడమే నయం.

బయట కూర్చున్నాక బయట ఉన్నవాటితోనే చెప్పాలి. పదుల లెక్క చింతపిక్కలతో, పొడుగూ పొట్టీ పుల్లలతో, ఎక్కువ తక్కువలు రాలిన ఆకులతో. కానుగ ఆకు ఒకటి తెచ్చి చేతికిస్తే దాని మీద తెల్లటి మెలికల గీతలు, చిన్న చిన్న బుడిపెలు కనిపిస్తాయి. ఆ గీత ఆకు లోపల తొలుచుకుంటూ పోయిన పురుగు నడిచిన దారి అని చెప్పి, అది ఎక్కడ మొదలై ఎక్కడ ఆగిందో వేలితో చూపించమనండి, రాయడానికి కావాల్సిన వేలి అదుపు అక్కడే వస్తుంది. మా రెండో తరగతి పిల్ల ఒకతి ఆ గీతను "ణ" అని చదివింది. నిజంగానే అలాగే ఉంది. ఆ తర్వాత వారమంతా పిల్లలు ఆకుల మీద అక్షరాలు వెతుక్కున్నారు, నేను ఆ అక్షరాల కోసం వేరే వర్క్‌షీట్ ఏదీ ఇవ్వలేదు.

దీని లోపం కూడా చెప్పాలి. పక్క తరగతి గోల, గండుచీమలు, పైనుంచి కాకి రెట్ట, ఫిబ్రవరి దాటాక ఎండ. పైగా రోజూ అదే చోటు కాబట్టి పిల్లలు లేచి తిరగకపోతే కొత్తదనం త్వరగా పోతుంది. రోజుకు 40 నిమిషాలకు మించి పెట్టకండి.

బడి తోట

అందరికీ మొదట తట్టేది ఇదే, ఫొటోకు బాగుంటుంది, పై ఆఫీసర్లకూ నచ్చుతుంది. 2019లో కేంద్రం బడుల్లో పోషకాహార తోటల మీద మార్గదర్శకాలు ఇచ్చింది, అక్కడ పండిన ఆకుకూరలు, కూరగాయలు మధ్యాహ్న భోజనంలోకే వెళ్లాలని దాని ఉద్దేశం. ఎకో క్లబ్ పద్దు కింద ప్రైమరీ బడికి ఏడాదికి 5 వేల దాకా వస్తుంది, విత్తనాలకు, పారలకు, పైపుకు అది చాలు.

నేను తోటకు వ్యతిరేకిని కాదు, మా బడిలో ఇప్పటికీ ఉంది. కానీ ఒకటి రెండు తరగతుల పిల్లల చదువు కోసమే తోట వేయాలనుకుంటే ముందు ఈ విషయం ఆలోచించుకోండి. మేము మొదటి ఏడాది పెద్ద మడులు కట్టి టమాటా, వంగ, బెండ వేశాం. తవ్వింది నాలుగు, ఐదు తరగతుల పిల్లలు, నీళ్లు పెట్టింది వంట చేసే అక్క, మా చిన్నపిల్లలు గట్టు మీద వరసగా నిలబడి చూశారు. చిన్నవాళ్లకు తోట అంటే "తొక్కొద్దు, ముట్టుకోవద్దు" అనే చోటుగా మారింది. టమాటా కాయడానికి రెండు నెలలకు పైన పట్టింది, ఆరేళ్ల పిల్లకు రెండు నెలలంటే ఎంత దూరమో మీకూ తెలుసు. దసరా సెలవుల్లో మేకలు పడి సగం పోయింది, మిగిలింది వేసవి సెలవుల్లో ఎండిపోయింది.

రెండో ఏడు పద్ధతి మార్చాం. ఇద్దరిద్దరు పిల్లలకు ఒక మూర పొడవు, ఒక మూర వెడల్పు ముక్క ఇచ్చాం, ఆ ముక్క వాళ్లదే. మెంతులు, తోటకూర మాత్రమే చల్లాం. మెంతులు మూడో రోజుకు మొలక చూపిస్తాయి, తోటకూర నెల తిరిగేలోపు కోతకు వస్తుంది. పొద్దున బడికి రాగానే బ్యాగు కూడా దించకుండా నేరుగా వాళ్ల ముక్క దగ్గరికి పరుగెత్తేవాళ్లు. ఒకడైతే విత్తనం మొలిచిందో లేదో అని రోజూ తవ్వి చూసి మళ్లీ పూడ్చేవాడు, అది చివరికి మొలవలేదు, వాడికి పక్కవాళ్లు తమ మొలకల్లో నాలుగు ఇచ్చారు. తోటకూర కోసిన రోజు పప్పులో వేయించాం, కూర పక్కకు నెట్టేసే పిల్లలు కూడా ఆ రోజు తిన్నారు, మా తోటకూర అని.

అంటే తోట పెట్టుకోవాలంటే మూడు ఉండాలి: పక్కనే నీళ్లు, నిజంగా పనిచేసే కంచె, ఆదివారం కూడా ఒకసారి వచ్చి చూసే మనిషి. మూడింటిలో ఒకటి లేకపోయినా ఆ ఏడు తోట జోలికి పోకండి, కుండీలతోనో పగిలిన బకెట్లతోనో సరిపెట్టుకోండి. వేసేది జూన్ ఆఖరు, జులైలో. ఫిబ్రవరికల్లా ముగించేయాలి.

ఒక చెట్టును పట్టుకోవడం

ఇది చిన్న పద్ధతి, కానీ నాకు చాలా ఇష్టం. బడిలోనో బడి ముందో ఉన్న ఒక చెట్టును పిల్లలు తమ చెట్టు అనుకుని, వారానికి ఒకసారి అదే రోజు దాని దగ్గరికి వెళ్లి లేత ఆకులున్నాయా, పూతుందా, పిందెలున్నాయా, పండ్లున్నాయా చూసి ఒక చార్టు మీద గుర్తు పెట్టడం. దేశం మొత్తం మీద సీజన్‌వాచ్ అని ఒక కార్యక్రమం ఇదే పని బడి పిల్లలతో చేయిస్తోంది, కావాలంటే మీ బడి చెట్టును కూడా అందులో నమోదు చేయొచ్చు. చేయకపోయినా గోడ మీద చార్టు ఉంటే చాలు.

వేపచెట్టుతో మొదలుపెట్టండి, అది లేని ఊరు లేదు. చలికాలం చివర్లో ఆకు రాల్చి, ఎర్రటి చిగురు వేసి, ఉగాదికి పూత పట్టి, బడి తెరిచేసరికి పండ్లు రాలుస్తుంటుంది. బడి ఏడాదికి దాని ఏడాది సరిగ్గా జత కుదురుతుంది. పది నిమిషాల పని, ఒక్క టీచర్ చాలు, టౌన్‌లో గ్రౌండ్ లేని బడికి కూడా గేటు ముందు ఒక చెట్టు ఉంటుంది. దీని లోపమల్లా పిల్లలు కదలడం తక్కువ. పరుగెత్తడం, ఎక్కడం, మట్టిలో ఆడటం ఇందులో ఉండవు. కాబట్టి ఇంకేదీ కుదరనప్పుడు ఇది చేయండి, లేదా వేరేదానికి తోడుగా చేయండి.

వారానికి ఒక పూట, అదే చోటికి

నేను అందరికీ చెప్పేది ఇదే కాబట్టి కాస్త వివరంగా రాస్తాను.

చోటు బడికి పది నిమిషాల నడకలో ఉండాలి. తెలంగాణలో 2020 నుంచి పంచాయతీల్లో పల్లె ప్రకృతి వనాలు వేశారు, మీ ఊళ్లో అది బతికే ఉంటే అంతకంటే మంచి చోటు దొరకదు, కంచె ఉంటుంది, నడిచే దారి ఉంటుంది. లేకపోతే చింతతోపు, గుడి వెనక మర్రి, చెరువు కట్ట, ఎవరిదైనా మామిడితోట. ఆంధ్రాలో గుంటూరు దగ్గర ఉప్పలపాడు, శ్రీకాకుళం జిల్లా తేలినీలాపురం లాంటి ఊళ్లలో అయితే గూడబాతులు, ఎర్రకాళ్ల కొంగలు ఊరి మధ్యకే వచ్చి గూళ్లు పెడతాయి, అక్కడి టీచర్లు ఇంకెక్కడికీ వెళ్లక్కర్లేదు.

మేము శుక్రవారం పొద్దున బడి ప్రార్థన అయ్యాక బయల్దేరి, మధ్యాహ్న భోజనానికి ముందే తిరిగొచ్చేస్తాం. మీకు మామూలు రోజుల్లో కష్టమైతే, మీ బడిలో నో బ్యాగ్ డే ఉన్న శనివారాన్ని వాడుకోండి. వెళ్లేటప్పుడు ఒక పొడవాటి తాడుకు ముడులు వేసి, ముడికొక పిల్లో పిల్లవాడో పట్టుకుని నడుస్తారు. అక్కడికి చేరగానే హద్దులు చూపిస్తాం, ఇటు ఈ చింతచెట్టు, అటు ఆ బండరాయి, కట్ట దిగడానికి వీల్లేదు, విజిల్ రెండుసార్లు ఊదితే ఎక్కడున్నా పరుగెత్తుకు రావాలి. ఆ తర్వాత అరగంట నేను ఏమీ చెప్పను. టీచర్లకు కష్టమైన పని ఇదే, చెప్పకుండా ఉండటం. నేను కూడా మొదట్లో "ఇది చూడండి, అది చూడండి" అంటూ వాళ్ల వెంట పడేదాన్ని, అప్పుడు వాళ్లు నా వైపే చూసేవాళ్లు. నోరు కట్టేసుకున్నాకే వాళ్లు నేల వైపు చూడటం మొదలుపెట్టారు. అరగంట తర్వాత అందరం గుండ్రంగా కూర్చుని ఎవరికి ఏం దొరికిందో చెప్పుకుంటాం. బడికొచ్చాక దాని బొమ్మ వేసి కింద ఒక మాటో వాక్యమో రాయాలి. రాయలేనివాళ్లు చెప్తే నేను రాసిస్తాను, వాళ్లు దాన్ని చదువుతారు.

ఒక జూన్‌లో, మొదటి వానలు పడ్డ వారం, తడి ఎర్రమట్టి మీద ఆరుద్ర పురుగులు తేలాయి. ఒకటో తరగతి పిల్ల ఒకతి, బడిలో చేరి పది రోజులైనా ఒక్క మాట మాట్లాడలేదు, హాజరు పిలిస్తే తల మాత్రం ఊపేది. ఆ పిల్ల ఒక పురుగును అరచేతిలో పెట్టుకుని నా దగ్గరికి వచ్చి నిలబడింది. ముఖమల్ గుడ్డ ముక్కలా ఎర్రగా, మెత్తగా ఉంది, ముట్టుకోగానే కాళ్లు ముడుచుకుని బొట్టుబిళ్లలా అయిపోయింది. నేనేమీ అనలేదు. కాసేపటికి కాళ్లు మళ్లీ బయటికి తీసింది. "ఎనిమిది" అంది ఆ పిల్ల. బడిలో తను మాట్లాడిన మొదటి మాట అదే. పక్కన ఉన్నవాడు చీమకు కూడా ఎనిమిదేనా అన్నాడు, అందరూ చీమల మీద పడ్డారు, ఆరు అని తేలింది. సాలీడుకు ఎన్ని అన్నారు, అది ఎనిమిది. ఆ రోజు 6, 8 అంకెలు నేను నేర్పలేదు. ఆ పిల్లకు పురుగును తీసుకున్న చోటే వదిలి రావాలని మాత్రం చెప్పాను, వదిలేసి వచ్చింది.

ఇలాంటివి మొదటిసారి వెళ్లినప్పుడు జరగవు. మొదటి రెండు మూడు వారాలు పిల్లలు ఊరికే పరుగెత్తుతారు, అరుస్తారు, ఒకరినొకరు తోసుకుంటారు, మనకు ఇదంతా వృథా అనిపిస్తుంది. నాలుగో వారం నుంచి పోయినసారి చూసినదాన్ని వెతుక్కుంటూ వెళ్తారు. కట్ట పక్కన ఈతచెట్టుకు గిజిగాడు గూడు కడుతుంటే మా పిల్లలు ఆగస్టంతా దాన్ని వారం వారం చూశారు. మొదట ఉత్త గడ్డి ముడి, తర్వాత ఉంగరం, తర్వాత బుడ్డి, తర్వాత కిందికి గొట్టం. ఒకే రోజు వెళ్లి వచ్చే పిల్లలకు కట్టేసిన గూడు మాత్రమే కనిపిస్తుంది.

మనుషులు ఎక్కడి నుంచి వస్తారన్నదే ఇందులో పెద్ద చిక్కు. పది మంది పిల్లలకు ఒక పెద్ద మనిషి ఉండాలని మేము పెట్టుకున్న లెక్క, అంతకు తగ్గితే ఆ వారం వెళ్లం. దీనికి దారి ఒక గొడవలోంచే దొరికింది. మొదటి ఏడు ఒక నాయనమ్మ గేటు దగ్గర నన్ను ఆపి, "టీచరమ్మా, పిల్లగాణ్ని బడికి పంపింది సదువుకా, చెట్లెంట తిప్పనీకా?" అని గట్టిగానే అడిగింది. నాకు కోపం వచ్చింది, కానీ ఆమె అడిగినదాంట్లో తప్పేముంది, బిడ్డ చదువు మీద భయం అది. వచ్చే శుక్రవారం మాతో రమ్మన్నాను. వచ్చింది. కట్ట దిగువన తడినేలలో వంగి "గిది పొనగంటి, గిది గుంటగలగర, గిది ముట్టకుర్రి దురదగొండి" అని ఒక్కొక్కటీ పిల్లలకు చూపిస్తుంటే నేను కూడా నోట్స్ రాసుకున్నాను, అందులో సగం నాకు తెలియవు. అప్పటి నుంచి వారానికి ఇద్దరు నాయనమ్మలో తాతయ్యలో వంతుల వారీగా వస్తున్నారు. ఎస్ఎంసీ (బడి యాజమాన్య కమిటీ) మీటింగ్‌లో ఆ వంతుల పట్టిక రాసి సంతకాలు తీసుకున్నాం. మళ్లీ ఎవరూ ఆ ప్రశ్న అడగలేదు, ఎందుకంటే ఆ ప్రశ్న అడిగిన ఆమే ఇప్పుడు జవాబు చెప్తోంది.

ఏడాదికి ఒక టూర్

జూ, పార్కు, డ్యామ్. పిల్లలు ఆనందిస్తారు, ఆ ఆనందం కోసం తీసుకెళ్లండి, నేనేమీ కాదనను. కానీ చదువు కోసం డబ్బూ శక్తీ పెట్టాలంటే చిన్నపిల్లలకు ఇది చివరి ఎంపిక. బస్సు కిరాయి, పై అనుమతులు, తల్లిదండ్రుల సంతకాలు, వాంతులు, తప్పిపోతారేమోనన్న టెన్షన్. ఇంత చేసి తిరిగొచ్చాక బొమ్మ వేయమంటే మా ఒకటో తరగతిలో సగానికి పైగా బస్సు బొమ్మే వేశారు. వాళ్లకు ఆ రోజు కొత్త వస్తువు బస్సే. డబ్బు లేక పిల్లల్లో నలుగురు రాలేకపోయిన సంవత్సరం ఒకటి ఉంది, ఆ నలుగురి ముఖాలు నాకు ఇంకా గుర్తున్నాయి, ఆ తర్వాత చిన్న తరగతులకు టూర్ అడగడం మానేశాను.

రోజంతా అడవిలోనే

పిల్లల్ని రోజూ అడవిలోనే ఉంచే అడవి బడుల గురించి వీడియోలు చూసి అడుగుతున్నారు కాబట్టి రెండు మాటలు. డెన్మార్క్‌లో 1950లలో మొదలైన పద్ధతి ఇది, జర్మనీలో 1993లో ఫ్లెన్స్‌బర్గ్‌లో అధికారిక గుర్తింపు వచ్చాక బాగా పాకింది. చాలాచోట్ల ఇవి ఫీజు కట్టే ప్రీస్కూళ్లే. అమెరికాలో వాషింగ్టన్ రాష్ట్రం ఇలాంటి ఆరుబయటి ప్రీస్కూళ్లకు లైసెన్సు ఇస్తోంది, సియాటిల్ వైపు ఉన్న మనవాళ్లు పిల్లల్ని చేర్చే ముందు ఆ లైసెన్సు ఉందో లేదో చూసుకోండి. మనకు పనికొచ్చే ఉదాహరణ మాత్రం వెర్మాంట్ రాష్ట్రంలో క్వీచీ అనే చిన్న ఊరి ప్రభుత్వ బడి. అక్కడ 2013లో కిండర్‌గార్టెన్ పిల్లల్ని ప్రతి సోమవారం రోజంతా బడి పక్క అడవిలో ఉంచడం మొదలుపెట్టారు, వానైనా మంచైనా. మిగతా నాలుగు రోజులు మామూలు బడే. అంటే మన శుక్రవారం పూట లాంటిదే, కాస్త పెద్దది. మనకు వాళ్లలా వాన కోట్లు, బూట్లు లేవు, మన ఎండ వాళ్లకు లేదు. పూర్తిగా అడవి బడి మన సర్కారు ప్రైమరీలో కుదరదని నా అభిప్రాయం, కుదరకపోవడం వల్ల పిల్లలకు పెద్దగా పోయేదీ లేదు.

మరి మీ బడికి ఏది?

మీరు ఏకోపాధ్యాయులైతే, ఐదు తరగతులూ ఒక్కరే చూస్తుంటే, బయటికి నడిపించుకుపోవడం పెట్టుకోకండి. రోజూ 40 నిమిషాలు చెట్టు కింద, వారానికోసారి చెట్టు చార్టు. ఐదో తరగతి పిల్లకు ఒకటో తరగతి పిల్లను జత చేసి కూర్చోబెడితే చార్టు పని వాళ్లే చేసుకుంటారు. ఇద్దరు ముగ్గురు టీచర్లుండి, నడక దూరంలో తోపో వనమో ఉంటే ఆలోచించకుండా వారానికో పూట మొదలుపెట్టండి. తోట తర్వాత చూసుకోవచ్చు. పట్నంలో గ్రౌండ్ లేని బడి అయితే చెట్టు చార్టు, కుండీల్లో మెంతులు, నెలకోసారి దగ్గర్లోని మున్సిపల్ పార్కు, అదీ ప్రతిసారీ అదే పార్కు. బడి ఆవరణలోనే అంగన్‌వాడీ ఉంటే ఆ పిల్లల్ని కూడా చెట్టు కిందికి కలుపుకోండి, కట్ట మీదికి మాత్రం వద్దు, మూడు నాలుగేళ్ల వాళ్లకు నీళ్ల దగ్గర ఒక మనిషికి ఇద్దరే లెక్క.

ఇక తొలిమెట్టు (చిన్న తరగతులకు చదవడం, రాయడం, లెక్కలు నేర్పే సర్కారు కార్యక్రమం) టార్గెట్లు, చదవడం రాయడం వెనకబడతాయేమోనని చాలామంది భయం. నాకూ ఉండేది. బయటి నుంచి వచ్చాక రాసే ఆ ఒక్క వాక్యం ఏ వారమూ వదలకండి, తేదీ వేసి దాచండి. ఎంఈఓ (మండల విద్యాధికారి) వచ్చినప్పుడు నేను ఉపన్యాసం ఇవ్వలేదు, జూన్ పేజీ, డిసెంబర్ పేజీ పక్కపక్కన పెట్టి చూపించాను. జూన్‌లో "పురుగు" అని ఒక్క మాట రాసిన పిల్లవాడు డిసెంబర్‌లో "గూట్లో పిట్ట లేదు ఎటు పోయింది" అని రాశాడు.

జాగ్రత్తలు, ఇవి మాత్రం వదలొద్దు

ప్రతిసారీ పిల్లల కంటే ముందు ఒక పెద్ద మనిషి వెళ్లి కర్రతో చోటంతా తట్టి రావాలి. రాళ్ల కుప్పలు, కట్టెల మోపులు, ఎలుక బొరియల దగ్గరికి పిల్లల్ని పోనివ్వకండి, వానాకాలం ఇంకా జాగ్రత్త. పాము కరిస్తే కట్లు కట్టడం, కోయడం, నోటితో పీల్చడం ఏవీ చేయకుండా, బిడ్డను నడిపించకుండా, కాలో చెయ్యో కదలకుండా ఉంచి 108కి ఫోన్ చేసి ఆసుపత్రికే తీసుకెళ్లాలి, మంత్రం వేసేవాళ్ల దగ్గరికి కాదు. కుక్క కరిచినా గీరినా సబ్బు పెట్టి పారే నీళ్లతో 15 నిమిషాలు కడిగి, ఆ రోజే టీకాకు పంపాలి. చెట్టు మీద తేనెతుట్టె ఉంటే ఆ చోటు మార్చేయండి.

మొక్కల్లో నాకు అన్నిటికంటే భయం అడవి ఆముదం. చాలా ఊళ్లలో కంచెకు అదే వేస్తారు, గింజలు తియ్యగా ఉంటాయని పిల్లలు తిని వాంతులు, విరేచనాలతో ఆసుపత్రి పాలవుతారు. గురివింద గింజలు చూడ్డానికి ముద్దుగా ఉంటాయి, లెక్కలకు వాడదామనిపిస్తుంది, దయచేసి వాడకండి, నమిలితే ప్రాణానికే ప్రమాదం. ఉమ్మెత్త, పచ్చగన్నేరు కూడా అంతే. వయ్యారిభామ ఉన్నచోట కొందరికి దద్దుర్లు, ఆయాసం వస్తాయి, పంచాయతీకి చెప్పి పూత రాకముందే పీకించండి. "నోట్లో ఏదీ పెట్టుకోకూడదు, అడగకుండా ఏదీ తెంపకూడదు" అని ప్రతి వారం బయల్దేరే ముందు పిల్లలతోనే చెప్పించాలి. తలలు మూడుసార్లు లెక్కపెట్టాలి, బడి గేటు దగ్గర, చోటు చేరాక, తిరిగి బయల్దేరే ముందు. మార్చి మధ్యలో ఒంటిపూట బడులు మొదలయ్యాక బయటి పని పొద్దున తొమ్మిదిలోపే అయిపోవాలి, ఏప్రిల్‌లో చెట్టు నీడ దాటి వెళ్లొద్దు.

సామాను పెద్దగా లేదు. తాడు, విజిల్, రెండు భూతద్దాలు, నీళ్ల క్యాన్, ఓఆర్ఎస్ ప్యాకెట్లు, దూది, టించర్, ఛార్జింగ్ ఉన్న ఫోన్. ఎవరెవరు వెళ్లారు, ఎన్నింటికి వెళ్లి ఎన్నింటికి వచ్చారు అని ఒక రిజిస్టర్‌లో రాసి హెచ్ఎం సంతకం తీసుకోండి.

మొదలుపెట్టాలనుకునేవాళ్లు ఇప్పుడే ఒక చోటు అనుకుని, బడి తెరవకముందు ఒకసారి ఒక్కరే నడిచి చూడండి. దారిలో ఎన్ని కుక్కలున్నాయి, రోడ్డు ఎక్కడ దాటాలి, బావి ఏదైనా మూత లేకుండా ఉందా, నీడ ఏ వేళకు ఎటు పడుతుంది. జూన్ 12న బడి తెరిచాక మొదటి వారం అడ్మిషన్లు, పుస్తకాల పంపకంతోనే సరిపోతుంది. రెండో వారం పిల్లల్ని తీసుకెళ్లండి. ఆరుద్ర కార్తె అప్పుడే వస్తుంది, వాన పడి ఉంటే తడి మట్టి మీద ఆరుద్ర పురుగులు ఎర్రగా తిరుగుతుంటాయి.